గాజు తుడిచిన నేరం

యంత్రం గాజును అనుమతి లేకుండా గుడ్డతో తుడిచినందుకు ఒక ఉద్యోగికి రెండుసార్లు మెమో ఇచ్చిన అధికారిని నేను. రెండో మెమోలో "ఇటువంటి అనుచిత జోక్యం" అన్న మాట వాడాను. ఆ మాట ప్రధాన కార్యాలయం వారికి ఎంతో నచ్చిందని తర్వాత తెలిసింది.

మా నీటి శుద్ధి కేంద్రం ఊరి చివర, నది మలుపు దగ్గర ఉండేది. పంపులు తోడిన నది నీరు ముందుగా ఒక కాలువలోకి వస్తుంది. అక్కడ దానిలో పటిక నీళ్ళు కలుస్తాయి. మడ్డి అడుగున చేరగా, పైతేట ఇసుక ఫిల్టర్ల గుండా దిగి ఊరికి వెళుతుంది. ఎంత మడ్డికి ఎంత పటిక అన్నదే మా విద్య అంతా. పూర్వం కంట్రోల్ గదిలోని ఆపరేటరు ఆరు గాజు జాడీల్లో నది నీరు పోసి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క మోతాదు పటిక వేసి కలియబెట్టి, ఏ జాడీ ముందుగా తేరుకుంటుందో చూసి మోతాదు నిర్ణయించేవాడు. ఆ పనికి మంచి కన్ను, ఓపిక, కాస్త మొండితనం అవసరం.

ఈ మూడూ సమృద్ధిగా ఉన్న ఉద్యోగిని అందరూ భూతద్దం అని పిలిచేవారు. ఇరవై ఆరేళ్ళుగా కంట్రోల్ గదిలో అదే కుర్చీలో కూర్చున్నవాడు. జాడీ వెనుక వార్తాపత్రిక పట్టుకుని సన్న అక్షరాలు చదవగలిగితే తప్ప నీరు తేరిందని ఒప్పుకునేవాడు కాడు. జీతం చీటీని వెలుగుకు ఎత్తి చూసేవాడు. గోడ గడియారం ఎంతయిందో చెబితే, దానికి ఎవరు చెప్పారని అడిగేవాడు. అతని అనుమానం ఎవరి మీదా ప్రత్యేకంగా ఉండేది కాదు; గాలిలాగా అందరికీ సమానంగా అందేది.

అతని అక్కభర్త కూడా మా వద్దే ఆపరేటరు. అతణ్ణి రూళ్ళకర్ర అనేవారు. రిజిస్టరులో ఏ గీతనూ చేత్తో గీసిన పాపాన పోలేదు. నియమం ఉన్నచోట అతనికి నిద్ర పట్టేది, లేనిచోట జ్వరం వచ్చేది. నాకు అతనంటే ప్రత్యేకమైన గౌరవం ఉండేదని దాచడం ఎందుకు?

నా ఉద్యోగంలో చివరి నాలుగేళ్ళు మిగిలి ఉండగా ఒక యంత్రం వచ్చింది. కాలువ గట్టున ఒక పెట్టె; ఆ పెట్టెలో నీరు పారే గొట్టం, గొట్టానికి చిన్న గాజు కిటికీ. కిటికీ గుండా కాంతి పంపి, మడ్డి రేణువులకు తగిలి వెనక్కి వచ్చే వెలుతురును కొలిచి తెర మీద అంకెగా చూపుతుంది; మడ్డి ఎంత ఎక్కువైతే అంకె అంత పెద్దది. ఆ అంకెను బట్టి పటిక మోతాదును యంత్రమే సరిచేస్తుంది. ఆపరేటరు చేయవలసింది కూర్చుని చూడడం. గాజు శుభ్రం చేయడం మూడు నెలలకొకసారి వచ్చే కంపెనీ మనిషి పని.

దాన్ని మేమందరం నమ్మాం. అయితే ఒక్కొక్కరం ఒక్కొక్క కారణంతో నమ్మాం. ఒక ఆపరేటరు సోమరి గనుక నమ్మాడు. ఒకడు భయస్తుడు గనుక, తప్పు జరిగితే యంత్రం మీదికి పోతుందని నమ్మాడు. రూళ్ళకర్ర అది నియమం గనుక నమ్మాడు. నేను, కంపెనీ వారు నా ఇంగ్లీషు ఉత్తరాన్ని నలుగురిలో మెచ్చుకున్నారు గనుక నమ్మాను. భూతద్దం ఒక్కడే ఏ కారణమూ దొరక్క నమ్మలేకపోయాడు.

అప్పుడే నేను ఒక నియమాల పుస్తకం తయారు చేశాను. అందులో ఆరో పేజీలోని వాక్యం ఇప్పటికీ కంఠతా వచ్చు: "కంటికిని మీటరుకును తేడా కనిపించినప్పుడు మీటరునే ప్రమాణముగా గ్రహింపవలెను." కన్ను వయసును బట్టి, వెలుతురును బట్టి, ఇంట్లో ఆ పూట జరిగిన గొడవను బట్టి మారుతుందనీ, యంత్రానికి ఇల్లే లేదనీ నా వాదం.

భూతద్దం డ్యూటీ ఎక్కగానే నేరుగా పెట్టె దగ్గరికి వెళ్ళి, మూత తెరిచి, జేబులోంచి మెత్తని గుడ్డ తీసి గాజు తుడిచేవాడు. మొదటిసారి పట్టుబడ్డప్పుడు పిలిచి అడిగాను.

"ఎందుకు తుడిచారు?"

"మసగ్గా ఉందేమోనని అనుమానం వచ్చిందండీ."

"ఉందా?"

"తుడిచేశాక ఎలా తెలుస్తుందండీ?"

తర్కం సరిగానే ఉంది. కానీ అనుమతి లేదు. మెమో ఇచ్చాను. రెండు నెలల తర్వాత రెండోది ఇచ్చాను. అయినా అతను మానలేదన్నది నాకు తర్వాత తెలిసిన విషయం.

ఆ మరుసటి ఏడు ప్రధాన కార్యాలయం ఒక ప్రశ్నావళిని పంపింది. యంత్రాలతో పనిచేయడానికి ఏ స్వభావం గలవారు తగుదురో తేల్చడానికి నిపుణులు తయారు చేసినదట. అరవై వాక్యాలు, ప్రతిదానికీ "అస్సలు కాదు" మొదలుకొని "ముమ్మాటికీ" వరకు అయిదు గడులు. జవాబులను దిద్దేది కూడా కంప్యూటరే. నూటికి అరవై దాటనివారు కంట్రోల్ గదిలో కూర్చోరాదని నిబంధన.

ముందుగా నేనే రాశాను. ఫలితం అచ్చై వచ్చింది: "సమతూకం గల వ్యక్తి. తొందరపడి నిర్ణయించడు. తన లోపాలను తాను గుర్తించగలడు." ఇంత సూక్ష్మంగా మనిషిని అంచనా వేసిన సాధనం నిస్సందేహంగా శాస్త్రీయమైనదని ఆ సాయంత్రమే ప్రధాన కార్యాలయానికి రెండు పేజీల ఉత్తరం రాశాను. ఇంట్లో ఆ కాగితం చూసిన నా భార్య, "ఎవరిదండీ ఇది? మనకు తెలిసినాయనేనా?" అంది.

రూళ్ళకర్రకు తొంభై నాలుగు వచ్చాయి. భూతద్దానికి పంతొమ్మిది. "తలుపుకు తాళం వేశాక మళ్ళీ లాగి చూస్తాను" అన్న వాక్యం పక్కన అతను గడి నింపకుండా "ఎవరి తలుపు? మీకెందుకు?" అని రాశాడు. "కొత్తవారిని త్వరగా నమ్ముతాను" అన్నచోట "ఈ కాగితం పంపింది ఎవరు?" అని ఉంది.

అతణ్ణి గేటుకు మార్చాను. వచ్చిపోయే లారీల నంబర్లు రాయడం, గొలుసు ఎత్తడం, దించడం. అతనికి ఉద్యోగ విరమణ ఇంకా రెండేళ్ళే ఉంది. ఉత్తర్వు అందుకుని, వెలుగుకు ఎత్తి చూసి, మెల్లగా అన్నాడు:

"ఇరవై ఆరేళ్ళండీ. ఆ కుర్చీలోంచే రిటైరవుతానని ఇంట్లో చెప్పుకున్నాను. పోనీ ఆ జాడీలైనా నాతో గేటు దగ్గర పెట్టుకోనిస్తారా?"

"అవి కేంద్రం ఆస్తి," అన్నాను.

అతని కుర్చీ బావగారికి దక్కింది. దానివల్ల రూళ్ళకర్ర ఇంట్లో ఏం జరిగిందో అతనే చెప్పుకున్నాడు. పది రోజులపాటు భార్య అన్నం వడ్డించి, మాట లేకుండా లోపలికి వెళ్ళిపోయిందట. "నా తప్పేముందండీ? మార్కులు వచ్చాయి, కూర్చున్నాను. తక్కువ తెచ్చుకోవడానికి రూలేదీ?" అన్నాడు పాపం.

భూతద్దం గేటుకు వెళ్ళిన ఏడో వారంలో, ఎగువన వానలు పడి నదికి కొత్త నీరు వచ్చింది. ఉదయం పదిన్నరకు గేటు నుంచి కంట్రోల్ గదికి ఫోన్ వెళ్ళింది. ఆ సంభాషణను ఇద్దరూ నాకు వేర్వేరుగా చెప్పారు. ఆశ్చర్యంగా రెండు కథనాలూ కలిశాయి.

"బావా, నదిని చూశావా?"

"చూశాను."

"ఏ రంగులో ఉంది?"

"ఇటుక రంగులో ఉంది."

"మరి మీటరేమంటోంది?"

"తేటగా ఉందంటోంది. ఆరు చూపిస్తోంది."

"నువ్వేమంటావు?"

"అనడానికి నేనెవర్నిరా? ఆరో పేజీ చదువుకో."

"అంటే కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?"

"కళ్ళున్నాయి గనకే రిజిస్టర్లో రాశాను. కంటికి మడ్డిగా కనిపిస్తోంది, మీటరు ప్రకారం తేట, మీటరునే అనుసరించడమైనది అని. కింద ఎర్రగీత కూడా కొట్టాను."

"గీత కొడితే నీళ్ళు తేరతాయా బావా? ఇక్కడ కుళాయిలో మడ్డి దిగుతోంది!"

"ఒరేయ్, నువ్వు లారీలు చూసుకో. నా కుర్చీ జోలికి రాకు."

"నీ కుర్చీయా?" అని ఫోన్ పెట్టేశాడట.

అయిదు నిమిషాల్లో భూతద్దం నా గదిలో ఉన్నాడు. గేటు వదిలి రావడం తప్పని నేను చెప్పేలోగా, ఒక కుళాయి నీళ్ళ సీసాను బల్ల మీద పెట్టి, నా వార్తాపత్రికను దాని వెనుక నిలబెట్టాడు.

"చదవండి."

పెద్ద అక్షరాలు కనిపించాయి. సన్నవి కనిపించలేదు.

"నా కళ్ళజోడు పాతది," అన్నాను.

"కొత్తది చేయించుకుని చదివేలోగా ఊరంతా ఇవి తాగేస్తుందండీ."

నా బల్ల మీద కూడా ఒక తెర ఉండేది. దానిలో ఆరు అనే అంకె నిశ్చలంగా ఉంది. ఒక పక్క పంతొమ్మిది మార్కుల మనిషి తెచ్చిన సీసా. మరొక పక్క నన్ను సమతూకం గల వ్యక్తి అన్న వ్యవస్థకు దగ్గరి చుట్టమైన తెర. నిజం చెప్పాలంటే, దాదాపు ఒక నిమిషంపాటు నేను తెర పక్షానే ఉన్నాను. ఆ నిమిషంలో ఎంత నీరు ఊరికి వెళ్ళిందో లెక్క కట్టడం నాకు చేతనవును. అయినా ఎన్నడూ కట్టలేదు.

ఇద్దరం కాలువ గట్టుకు వెళ్ళాం. అతను పెట్టె మూత తెరిచి జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆగండి. అనుమతి..."

"అయితే ఇవ్వండి."

"రాతపూర్వకంగా ఉండాలి."

"ప్రస్తుతానికి నోటితో ఇచ్చెయ్యండి. సాయంత్రం తీరిగ్గా రాసుకుందురు గాని."

ఇచ్చాను. అతను గొట్టంలో నీరు ఆపి, గాజు మీద గుడ్డ వేసి ఒక్క తుడుపు తుడిచాడు. గుడ్డకు వేలెడు మందాన గోధుమరంగు జిగురు వచ్చింది. వెలుతురు దాన్ని దాటి వెనక్కి రాలేకే తెర ఆరు దగ్గర ఆగిపోయింది. మళ్ళీ నీరు వదలగానే, పై కిటికీలోంచి రూళ్ళకర్ర గొంతు వినిపించింది. అతను తెర మీది అంకెలను నియమం ప్రకారం బిగ్గరగా చదువుతున్నాడు: "ఆరు... నలభై... నూట పది... మూడువందల నలభై! అయ్యగారూ, ఇప్పుడు మీటరు ప్రకారం కూడా మడ్డే!" ఆ గొంతులో ఎంత ఊరట ఉందో చెప్పలేను. ఊరికి వెళ్ళే గేట్లు మూయించాం. సాయంత్రం దాకా ఊళ్ళో కుళాయిలు రాలేదు. ఫోన్లలో నేను విన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు.

"ఇన్నాళ్ళూ రోజూ తుడుస్తూనే ఉన్నారా?" అని భూతద్దాన్ని అడిగాను.

"నా డ్యూటీ ఉన్న ప్రతి రోజూ అండీ."

"మెమోల తర్వాత కూడానా?"

"మెమోలు వచ్చాక రెండుసార్లు తుడిచేవాణ్ణి. తుడవొద్దంటున్నారంటే ఏదో ఉండే ఉంటుందనిపించింది."

ఆ యంత్రం రెండేళ్ళు ఒక్క తప్పు కూడా చెప్పలేదని నేను ప్రధాన కార్యాలయానికి ఎనిమిది నివేదికలు పంపి ఉన్నాను. అది తప్పు చెప్పకపోవడానికి కారణం, దాన్ని క్షణం కూడా నమ్మని ఒక మనిషి జేబులోని గుడ్డ. నమ్మినవాళ్ళం ఎవ్వరమూ దాని మూతయినా ఎత్తి చూడలేదు.

అయినా నేను వెంటనే అతణ్ణి కుర్చీకి తీసుకురాలేదు. వ్యవస్థలో లోపం ఉంటే వ్యవస్థతోనే సవరించాలన్నది నా సిద్ధాంతం. గాజును రోజుకు నాలుగుసార్లు తుడవవలెనని కొత్త నియమం రాశాను. రూళ్ళకర్ర రిజిస్టరులో దానికొక గడి గీశాడు. సరిగ్గా ఆరు, పన్నెండు, రెండు, అయిదు గంటలకు తుడిపించి, టిక్కు పెట్టించాడు. తుడవడం నియమబద్ధమైంది గనుక ఆ మనిషి అవసరం ఇక లేదని ప్రధాన కార్యాలయం రాసింది. నేను కూడా అలాగే అనుకున్నాను.

పదిహేనో రోజున గేటు దగ్గర నా కారు ఆపి, భూతద్దం కిటికీలోకి వంగాడు.

"ఒక్క మాటండీ. ఆ గుడ్డ ఎవరు ఉతుకుతున్నారు?"

"ఏ గుడ్డ?"

"గాజు తుడిచే గుడ్డ."

నాకు తెలియదు. రూళ్ళకర్రను పిలిపించి అడిగాను. అతను రిజిస్టరు తిరగేశాడు, పుస్తకం తిరగేశాడు, తెల్లబోయాడు.

"ఉతకాలని లేదండీ."

ఆ గుడ్డ చూశాను. పదిహేను రోజులు, రోజుకు నాలుగుసార్లు, అదే గుడ్డతో అందరూ శ్రద్ధగా గాజుకు జిగురు పూస్తున్నారు. ప్రతి పూతకూ ఒక టిక్కు ఉంది. గుడ్డ ఉతకవలెనని ఇంకొక నియమం రాయడానికి కలం తీశాను. రాస్తే, సబ్బు ఎవరు తేవాలన్న ప్రశ్న వస్తుంది. కలం మూసి పెట్టేశాను. రేపు చెడబోయేది ఏదో, అది ఏ పేజీలోనూ ఉండదు. దాన్ని ముందే అనుమానించే మనిషి మాత్రం గేటు దగ్గర గొలుసు ఎత్తుతున్నాడు.

ప్రధాన కార్యాలయానికి రాశాను. జవాబు మూడు రోజుల్లో వచ్చింది: అరవై దాటనివారిని కూర్చోబెట్టే వీలు లేదు, ప్రశ్నావళి శాస్త్రీయతను గూర్చి "మీరే సెలవిచ్చినట్లుగా" సందేహం అక్కర్లేదు, కావలసిన పక్షంలో అతనిచేత మరొకసారి రాయించవచ్చు. నా రెండు పేజీల ఉత్తరం ప్రతిని కూడా జతపరిచారు. అది తప్పని రాయాలంటే, నా సమతూకం కూడా తప్పని రాయాలి. అంత దూరం నేను వెళ్ళలేకపోయాను.

కాబట్టి ఒక మధ్యాహ్నం నా గదిలోనే అతనిచేత రాయించాం. సాయం చేయడానికి రూళ్ళకర్ర వచ్చాడు. నియమం తప్పి అతను చేసిన పని నాకు తెలిసి అదొక్కటే; భార్య ఆజ్ఞ అట.

"'కొత్తవారిని త్వరగా నమ్ముతాను.' ముమ్మాటికీ అని పెట్టు."

"అబద్ధం బావా."

"అబద్ధమని నాకు తెలీదట్రా? పెట్టు."

"ఏ కొత్తవాళ్ళో చెప్పందే..."

"ఒరేయ్! నీకు కుర్చీ రాకపోతే మీ అక్క నన్ను ఇంట్లో కూర్చోనివ్వదు. నా కోసమైనా పెట్టరా!"

"'యంత్రం చెప్పిన దాన్ని సరిచూసుకోను.' ఇదెలా పెట్టమంటావు? ఎవరైనా నవ్వుతారు."

"నవ్వేది కంప్యూటరు కదా. దానికి నవ్వు రాదు. పెట్టు."

నేను కిటికీ వైపు తిరిగి నదిని పరిశీలించాను. నదిని పరిశీలించడం సూపరింటెండెంటుగా నా విధుల్లో ఒకటి. అరవై వాక్యాలూ అయ్యేదాకా పరిశీలించాను.

తొంభై ఏడు వచ్చాయి. కింద సలహా కూడా అచ్చైంది: "ఈ ఉద్యోగి యంత్రాలను అతిగా విశ్వసించే స్వభావం గలవాడు. కొంత అనుమానించడం నేర్పుట మంచిది."

"నాకు తొంభై నాలుగేగా వచ్చాయి," అన్నాడు రూళ్ళకర్ర, చిన్నబోయి.

భూతద్దం కాగితాన్ని చాలాసేపు చూశాడు. అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఎవడేం చెప్పినా నమ్మేసింది చూడండి. ఇలాంటిదాని మాట మీద నన్ను గేటుకు పంపించారు."

బల్ల దగ్గర కూర్చుని, ఉత్తర్వు నా చేత్తోనే రాశాను. కంట్రోల్ గదిలో పూర్వపు స్థానంలో నియమించడమైనదని, పాత జాడీలను అతని వాడుకకు ఇవ్వడమైనదని రాసి, సంతకం చేసి అందించాను. అది నా చేతి నుంచి క్షమాపణకు అతి సమీపంగా వచ్చిన కాగితం. అతను కళ్ళకద్దుకుంటాడని ఎదురుచూశాను.

అతను దాన్ని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆ కుర్చీ కోసం తొమ్మిది వారాలు గేటు దగ్గర నిలబడిన మనిషి, కుర్చీ చేతికి వచ్చాక కూడా తొందరపడలేదు.

"తప్పుందండీ."

"నా ఉత్తర్వులోనా?"

"పద్దెనిమిదో తారీఖు నుంచి చేరవలెనని రాశారు. ఇవాళ ఇరవై అయిదు. అంటే వారం రోజులుగా నేను డ్యూటీ ఎగ్గొట్టినట్టేగా? రేపు దానికో మెమో ఇస్తారు."

ముప్పై నాలుగేళ్ళలో నా సంతకం ఉన్న కాగితాన్ని నా ఎదుట ఎవరూ చదవలేదు. తీసుకుని, నమస్కరించి వెళ్ళేవారు. తారీఖు కొట్టేసి, సరిచేసి ఇచ్చాను.

"కొట్టివేత పక్కన చిన్న సంతకం చెయ్యండి."

చేశాను. అతను మళ్ళీ చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "ఉంటానండీ" అని కంట్రోల్ గదికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు అప్పటికే నేను సంతకం చేసి పంపిన పదకొండు కాగితాలను గుమాస్తాచేత వెనక్కి తెప్పించి, తలుపు వేసుకుని చదివాను. నాలుగింటిలో అదే తప్పు తారీఖు ఉంది. ఎవరూ అడగలేదు.